ఫ్లేర్ కాంతిలో 60 సెకన్ల లయ కనిపించింది, ఇది క్యూపీపీయేనా? – నా సమాధానం

మీ ప్రశ్నను ముందు నా మాటల్లో చెప్తాను. సరిగ్గా అర్థం చేసుకున్నానో లేదో చూడండి. ఒక ఎం-తరగతి (ఎక్స్ కన్నా చిన్నది, సీ కన్నా పెద్దది) సౌర జ్వాల, అంటే ఫ్లేర్, సమయంలో గోస్ ఉపగ్రహం నమోదు చేసిన సాఫ్ట్ ఎక్స్-రే, అంటే తక్కువ శక్తి ఎక్స్-రే, డేటాను ఎంఎస్సీ ప్రాజెక్టు కోసం తీసుకున్నారు. 60 సెకన్ల మూవింగ్ యావరేజ్, అంటే ప్రతి క్షణానికీ దాని చుట్టూ ఉన్న 60 సెకన్ల సగటు, లెక్కగట్టి, దాన్ని అసలు డేటాలోంచి తీసేశారు. మిగిలినదాని మీద వేవ్‌లెట్ (ఏ సమయంలో ఏ లయ ఎంత బలంగా ఉందో చూపే విశ్లేషణ) నడిపితే 60 సెకన్ల దగ్గర బలమైన పట్టీ వచ్చింది. దాని చుట్టూ 99 శాతం నమ్మకాన్ని చూపే గీత కూడా వచ్చింది. ఇది క్యూపీపీ, అంటే ఫ్లేర్ కాంతిలో దాదాపు ఆవర్తనంగా వచ్చే స్పందన, అనొచ్చా, దీన్నుంచి సూర్యుడి బయటి వాతావరణమైన కరోనాలో అయస్కాంత క్షేత్రం బలాన్ని లెక్కగట్టొచ్చా అన్నది మీ సందేహం.

సూటిగా చెప్తాను. మీ చేతిలో ఉన్న ఆధారంతో దాన్ని క్యూపీపీ అని రాయకండి. మీరు వాడిన విండో, అంటే సగటు తీసిన నిడివి, 60 సెకన్లు, మీకు దొరికిన ఆవర్తన కాలమూ 60 సెకన్లే. ఆ లయ సూర్యుడిది కాకుండా మీ విండోదే అయ్యే అవకాశం చాలా ఎక్కువ.

దీన్ని మీరే పది నిమిషాల్లో పరీక్షించుకోవచ్చు. కంప్యూటర్‌లో 1800 యాదృచ్ఛిక సంఖ్యలు పుట్టించండి. ఒక్కో సంఖ్యను అప్పటిదాకా వచ్చిన మొత్తానికి కలుపుకుంటూ పోండి. వచ్చే గీత ఒక దిక్కంటూ లేకుండా పైకీ కిందకీ తిరుగుతూ ఉంటుంది. అందులో లయ లేదని మనకు తెలుసు, ఎందుకంటే దాన్ని తయారు చేసింది మనమే. ఇప్పుడు మీరు చేసినట్టే దాంట్లోంచి 60 పాయింట్ల సగటు తీసేసి వేవ్‌లెట్ నడపండి. 60 చుట్టుపక్కల పట్టీ కనిపిస్తుంది. విండోను 100 చేస్తే పట్టీ కూడా 100 వైపు జరుగుతుంది. సగటును తీసేయడం అంటే నెమ్మదిగా జరిగే మార్పులన్నిటినీ కోసేయడం. చాలా వేగంగా జరిగే మార్పులకు ఇలాంటి డేటాలో మొదటినుంచీ బలం తక్కువే. ఈ రెండిటికీ మధ్య, విండో పొడవు దగ్గర ఒక గుట్ట మిగిలిపోతుంది. దాన్నే మనం లయ అనుకుంటాం.

నేను ఈ పనిలోకి వచ్చిన కొత్తలో చేసింది సరిగ్గా ఇదే. మూడు వారాలపాటు ఒక 90 సెకన్ల లయకు కారణాలు వెతికాను, చిత్రాల్లో లూప్ (కరోనాలో అయస్కాంత క్షేత్రం వెంట వెలిగే వంపు) పొడవులు కొలిచాను, వేగాలు లెక్కగట్టాను. ఒక సీనియర్ నా ప్లాట్ చూసి "విండో ఎంత పెట్టావు?" అని ఒక్క ప్రశ్న అడిగారు. ఆ సాయంత్రం విండో మార్చి చూస్తే లయ కూడా దాని వెంటే కదిలింది. అప్పటినుంచి ఎవరు ఏ ప్లాట్ చూపించినా నేను మొదట అడిగేది అదే.

అలాగని ఫ్లేర్లలో లయలే లేవని కాదు. 1968 ఆగస్టు 8 నాటి ఫ్లేర్‌లో బెలూన్ మీద పంపిన పరికరం ఎక్స్-రేల్లో 16 సెకన్లకోసారి వచ్చే స్పందనలను చూసింది. మైక్రోవేవ్ రేడియో తరంగాల్లోనూ అవే కనిపించాయి. పార్క్స్, వింక్లర్ 1969లో దాన్ని ప్రచురించారు. 1980 జూన్ 7 నాటి ఫ్లేర్ ఇంకా ప్రసిద్ధం. అందులో హార్డ్ ఎక్స్-రే, అంటే ఎక్కువ శక్తి ఎక్స్-రే, శిఖరాలు ఏడు, సుమారు 8 సెకన్ల ఎడంతో వరసగా వచ్చాయి. ఆ లైట్ కర్వ్, అంటే కాలంతో పాటు కాంతి ఎలా మారిందో చూపే గీత, చూస్తే ఏ గణాంక పరీక్షా లేకుండానే కంటికి లయ తెలుస్తుంది. ఒక సెకనులోపు నుంచి చాలా నిమిషాల దాకా ఆవర్తన కాలాలున్న సంఘటనలు నమోదయ్యాయి. 'దాదాపు ఆవర్తనమైన స్పందనలు' అనే పేరులో 'దాదాపు' అన్న మాట ముఖ్యం. ఇవి గడియారం టిక్కుల్లా ఉండవు. ఆవర్తన కాలం మధ్యలో మారుతుంది, ఒక్కో శిఖరం ఎత్తు ఒక్కోలా ఉంటుంది, నాలుగైదు శిఖరాలకే ఆగిపోవచ్చు కూడా. వీటిని గుర్తుపట్టడం కష్టమయ్యేది అందుకే.

ఇప్పుడు అసలు చిక్కు దగ్గరికి వద్దాం. ఫ్లేర్ లైట్ కర్వ్ పవర్ స్పెక్ట్రమ్, అంటే ఏ పౌనఃపున్యంలో ఎంత బలముందో చూపే ప్లాట్, వేసి చూడండి. తక్కువ పౌనఃపున్యాల దగ్గర బలం చాలా ఎక్కువగా ఉండి, పౌనఃపున్యం పెరిగేకొద్దీ తగ్గుతూ పోతుంది. దీన్ని రెడ్ నాయిస్ అంటారు. ఫ్లేర్ పెరిగి తగ్గే ఆకారం, రకరకాల పరిమాణాల్లో వచ్చే చిన్న చిన్న విస్ఫోటాలు, అన్నీ కలిసి ఈ వాలును తయారుచేస్తాయి. ఇలాంటి డేటాలో కొద్దిసేపు కనిపించే లయలు ఊరికే పుడుతుంటాయి. రెండు మూడు చుట్లు చక్కగా తిరిగినట్టే ఉంటుంది, మన కన్ను వెంటనే పట్టేసుకుంటుంది. మీరు వాడిన 99 శాతం గీత ఏ నేపథ్యాన్ని ఊహించి గీసిందో ప్రోగ్రామ్‌లో చూడండి. సగటు తీసేశాక చాలామంది అక్కడ వైట్ నాయిస్ పెడతారు, అంటే అన్ని పౌనఃపున్యాల్లోనూ బలం సమానమని ఊహిస్తారు. కానీ సగటు తీసేసిన డేటాలో బలం ఎక్కడా సమానంగా ఉండదు. విండో దగ్గర గుట్టగా ఉంటుందని పైన చూశాం. ఆ గుట్టను సమతలమైన నేపథ్యంతో పోలిస్తే 99 ఏమిటి, 99.9 కూడా వస్తుంది.

ఇంకో చిక్కు కూడా ఉంది. మీ స్పెక్ట్రమ్‌లో 200 పౌనఃపున్యాలు ఉన్నాయనుకోండి. ఒక్కోదానికి 95 శాతం గీత పెడితే, ఏ లయా లేకపోయినా సుమారు 10 చోట్ల స్పెక్ట్రమ్ ఆ గీతను దాటుతుంది. ఫోరియర్ స్పెక్ట్రమ్‌లో ఒకే ఒక్క పౌనఃపున్యాన్ని ముందే ఎంచుకుని పరీక్షిస్తే, ఆ చోట నేపథ్యం సగటుకు 3 రెట్లు బలం ఉంటే 95 శాతం అనొచ్చు. 200లో ఎక్కడైనా సరే అని వెతికితే అదే 95 శాతానికి సుమారు 8.3 రెట్లు కావాలి. ఈ తేడా చిన్నది కాదు. పేపర్లు చదివేటప్పుడు కూడా ఈ సవరణ చేశారా లేదా అని చూసే అలవాటు చేసుకోండి.

మరి ఏం చేయాలి? డేటాలోంచి ఏదీ తీసేయకండి. అసలు లైట్ కర్వ్ పవర్ స్పెక్ట్రమ్ తీసుకుని, నేపథ్యాన్ని కూడా మోడల్‌లోనే పెట్టండి. ఒక వాలు, దానికి తోడు ఎక్కువ పౌనఃపున్యాల దగ్గర డిటెక్టర్ నాయిస్ కోసం ఒక స్థిరాంకం, ఇది మొదటి మోడల్. అదే మోడల్‌కి ఒక చోట గుట్ట కలిపితే రెండోది. మధ్యలో వంగిన వాలు మూడోది. మూడింటినీ ఒకే డేటాకు సరిపెట్టి, అదనంగా వాడిన పరామితులకు జరిమానా వేస్తూ పోల్చండి. దానికి బీఐసీ అనే కొలమానం ఉంది. గుట్ట ఉన్న మోడల్ మిగతా రెండిటినీ స్పష్టంగా ఓడిస్తేనే లయ ఉందనాలి. ఇంగ్లిస్ బృందం తయారుచేసిన ఆఫినో అనే పద్ధతి చేసేది ఇదే. మూడో మోడల్‌ను వదిలేయకండి. వంగిన వాలును గుట్టగా పొరబడడం చాలా తేలిక.

దీంతోపాటు కృత్రిమ డేటా పరీక్ష కూడా చేయండి. నాకు అన్నిటికన్నా నమ్మకం దీని మీదే. మీ ఫ్లేర్‌కి ఉన్న వాలే ఉండి, లయ మాత్రం లేని నకిలీ లైట్ కర్వ్‌లు 10,000 పుట్టించండి. ఒక్కోదాన్ని మీ అసలు డేటా దాటిన ప్రతి మెట్టూ దాటించండి. విండో, అంచుల సవరణ, వేవ్‌లెట్, ఏదీ వదలొద్దు. వాటిలో ఎన్ని మీ ఫలితమంత బలమైన శిఖరాన్ని ఇచ్చాయో లెక్కపెట్టండి. 10,000లో 3 అయితే కూర్చుని ఆలోచించాల్సిన విషయం. 900 అయితే ఆ ఫ్లేర్‌ను పక్కన పెట్టి ఇంకోటి తీసుకోండి.

ఎంత నిడివి డేటా తీసుకోవాలన్నది మీరు అడగలేదు, కానీ ఫలితాలు చాలాసార్లు తారుమారయ్యేది అక్కడే. లయ బాగా కనిపించిన ముక్కనే కోసుకుని పరీక్షిస్తే ముందే సమాధానం రాసుకుని లెక్క చేసినట్టు అవుతుంది. పోనీ అని ఫ్లేర్‌కి ముందూ వెనకా ఉన్న నిశ్శబ్ద కాలాన్ని కలిపేసినా మోసమే. మన సూత్రాలు డేటా స్వభావం మొదటినుంచి చివరిదాకా ఒకేలా ఉందని ఊహించుకుంటాయి. నిశ్శబ్దమూ ఫ్లేరూ కలిసిన డేటాలో ఆ ఊహ చెల్లదు, లేని బలం ఉన్నట్టు కనిపిస్తుంది. అందుకని ఫ్లేర్ మొదలు, చివర ఏ నియమంతో నిర్ణయిస్తారో ముందే రాసిపెట్టుకోండి. తర్వాత దాన్ని మార్చకండి. కనీసం మూడు పూర్తి చుట్లు లేనిదాన్ని నేనైతే లయ అనను.

పద్ధతి మారితే అంకెలు ఎంత మారతాయో చెప్తే మీకు విషయం తెలుస్తుంది. సిమోయిస్, హడ్సన్, ఫ్లెచర్ 2015లో 35 ఎక్స్-తరగతి ఫ్లేర్ల గోస్ డేటా చూసి, సుమారు 80 శాతంలో స్పందనలున్నాయన్నారు. మరుసటి ఏడాది ఇంగ్లిస్ బృందం ఎం, ఎక్స్ తరగతుల మీద మోడళ్లను పోల్చే పద్ధతి వాడింది. గోస్ డేటాలో సుమారు 30 శాతం, ఫెర్మీ ఉపగ్రహం హార్డ్ ఎక్స్-రే డేటాలో సుమారు 8 శాతం ఫ్లేర్లలోనే బలమైన ఆధారం దొరికింది. 2020లో హేయ్స్ బృందం 5519 ఫ్లేర్లు చూసింది. ఎక్స్ తరగతిలో 46 శాతం, ఎం తరగతిలో 29 శాతం, సీ తరగతిలో 7 శాతం. వీటిలో ఏదీ తప్పు కాదు. ఒక్కొక్కరు 'లయ' అన్న మాటకు ఒక్కో నిర్వచనం పెట్టుకున్నారు. ఆఫినో లాంటి పద్ధతి ఆవర్తన కాలం స్థిరంగా ఉన్నవాటినే బాగా పడుతుంది. మధ్యలో 40 సెకన్ల నుంచి 80కి సాగిపోయే లయ దాని వలలోంచి జారిపోతుంది. అలాంటివి నిజంగా ఉన్నాయి. 2017 సెప్టెంబర్ 10 నాటి ఎక్స్ 8.2 ఫ్లేర్‌లో మొదట సుమారు 65 సెకన్లున్న లయ, ఫ్లేర్ తగ్గే దశలో సుమారు 150 సెకన్లకు మారింది. కాబట్టి మీ రిపోర్టులో పద్ధతి పేరు, దానికి ఉన్న గుడ్డి మచ్చ, రెండూ రాయండి.

సొంత పరీక్షలన్నీ నెగ్గాక రెండో పరికరం చూడాలి. ఒకే లయ వేర్వేరు చోట్ల ఉన్న, వేర్వేరు డిటెక్టర్లున్న రెండు పరికరాల్లో కనిపిస్తే, అది పరికరం లోపం అన్న అనుమానం చాలావరకు పోతుంది. పరికరాలకు సొంత లయలుంటాయి. రెస్సీ ఉపగ్రహం తన చుట్టూ తాను సుమారు 4 సెకన్లకోసారి తిరిగేది. అందుకని దాని డేటాలో 4 సెకన్లు, 2 సెకన్ల దగ్గర ఏది కనిపించినా అనుమానించాలి. సూర్యుణ్ని చూసే ఎస్‌డీఓ ఉపగ్రహం మీదున్న ఏఐఏ కెమెరా 12 సెకన్లకో చిత్రం తీస్తుంది. పెద్ద ఫ్లేర్‌లో చిత్రాలు మరీ తెల్లబడకుండా ఒకటి విడిచి ఒకటి ఎక్స్‌పోజర్ తగ్గిస్తుంది. అది చూసుకోకపోతే 24 సెకన్ల అందమైన లయ దొరుకుతుంది, అది కెమెరాది.

పోల్చడానికి ఆదిత్య-ఎల్1 మీదున్న సోలెక్స్, హీలియోస్ పరికరాలు బాగా పనికొస్తాయి. మొదటిది సాఫ్ట్ ఎక్స్-రేలను, రెండోది 10 నుంచి 150 కేఈవీ హార్డ్ ఎక్స్-రేలను చూస్తుంది. భూమికి దగ్గరగా తిరిగే ఫెర్మీకి ప్రతి చుట్టులో కొంతసేపు భూమి అడ్డొస్తుంది. ఆదిత్య ఉన్న ఎల్1 అనే బిందువు దగ్గర ఆ ఇబ్బంది లేదు. అయితే ఎల్1 భూమి కన్నా సూర్యుడికి 15 లక్షల కిలోమీటర్లు దగ్గర, కాంతి అక్కడికి 5 సెకన్లు ముందే చేరుతుంది. సోలార్ ఆర్బిటర్ నౌక మీది స్టిక్స్ అనే ఎక్స్-రే పరికరం డేటా వాడితే ఇది ఇంకా పెద్ద సంగతి. ఆ నౌక సూర్యుడికి భూమి దూరంలో మూడో వంతు కన్నా దగ్గరికి వెళ్లినప్పుడు తేడా దాదాపు 6 నిమిషాలు ఉంటుంది. కాలాన్ని సరిచేయకుండా రెండు లైట్ కర్వ్‌ల దశలు పోలిస్తే అర్థంలేని ఫలితం వస్తుంది. రెండిటి కాలాన్నీ సూర్యుడి దగ్గరి కాలానికి మార్చుకుని అప్పుడు పోల్చండి.

గోస్ సాఫ్ట్ ఎక్స్-రేల్లో స్పందనలు పెద్ద ఉబ్బు మీద చిన్న అలల్లా ఉంటాయి, అందుకే చాలామంది ముందు సగటు తీసేయాలనుకుంటారు. దానికి బదులు కాలంతో పాటు మారే రేటు, అంటే డెరివేటివ్ తీయండి. దీనికి భౌతిక అర్థం ఉంది. సాఫ్ట్ ఎక్స్-రేల డెరివేటివ్ చాలా ఫ్లేర్లలో హార్డ్ ఎక్స్-రే కర్వ్‌ను పోలి ఉంటుంది. దీన్ని న్యూపర్ట్ ప్రభావం అంటారు. వేగం పుంజుకున్న ఎలక్ట్రాన్లు కిందకి వచ్చి ఢీకొన్నప్పుడు హార్డ్ ఎక్స్-రేలు పుడతాయి. ఆ ఎలక్ట్రాన్లు తెచ్చిన శక్తితో వేడెక్కి లూపుల్లోకి ఎగసిన ప్లాస్మా (విద్యుదావేశమున్న వేడి వాయువు) సాఫ్ట్ ఎక్స్-రేల్లో వెలుగుతుంది. మీ డెరివేటివ్‌లోని శిఖరాలూ హార్డ్ ఎక్స్-రే శిఖరాలూ ఒకదానికొకటి సరిపోతే ఆ ప్లాట్ ఒక్కటే చాలా గట్టి ఆధారం. ఒక జాగ్రత్త: డెరివేటివ్ వేగమైన నాయిస్‌ను పెంచుతుంది, స్పెక్ట్రమ్ వాలును మారుస్తుంది. కృత్రిమ డేటా పరీక్షలో ఈ మెట్టు కూడా ఉండాలి.

ఇక అయస్కాంత క్షేత్రం. దయచేసి ఆవర్తన కాలం ఒక్కదాన్నే పట్టుకుని ఆ లెక్క చేయకండి. లయ నుంచి క్షేత్రాన్ని లెక్కగట్టిన ఒక ప్రసిద్ధ ఉదాహరణ ఎలా సాధ్యమైందో చూడండి. 1998 జూలై 14 నాటి ఫ్లేర్ తర్వాత ట్రేస్ ఉపగ్రహం చిత్రాల్లో ఒక కరోనా లూప్ అటూ ఇటూ ఊగడం కనిపించింది. దాని పొడవు సుమారు 1,30,000 కిలోమీటర్లు, ఊగే కాలం సుమారు 256 సెకన్లు. రెండు కాళ్లూ కదలకుండా ఉన్న లూప్ కాబట్టి, పొడవుకు రెండు రెట్లను కాలంతో భాగిస్తే తరంగ వేగం సెకనుకు సుమారు 1,020 కిలోమీటర్లు వస్తుంది. ఆ వేగానికి ప్లాస్మా సాంద్రతను జోడిస్తే క్షేత్రం బలం తెలుస్తుంది. నకరియకోవ్, ఆఫ్‌మన్ 2001లో ఇలాగే ఊగే లూపులను చూసి 13 గాస్ అని చెప్పారు, దానికి పక్కన 9 గాస్ అటూ ఇటూ అనిశ్చితి పెట్టారు. ఏ లూప్ ఊగుతోందో, ఎలా ఊగుతోందో కళ్లారా చూసినా అనిశ్చితి అంత ఉంది. మీ గోస్ డేటా మొత్తం సూర్యగోళం కాంతి. లూప్ ఏదో తెలియదు, ఊగుతోందో లేదో కూడా తెలియదు.

పైగా అదే 60 సెకన్లకు ఎన్నో వివరణలున్నాయి. లూప్ లోపల ధ్వని తరంగం లాంటి నెమ్మది తరంగం కావచ్చు. కోటి డిగ్రీల ప్లాస్మాలో ధ్వని వేగం సెకనుకు సుమారు 480 కిలోమీటర్లు. లక్ష కిలోమీటర్ల లూప్‌లో ఆ తరంగం ఒకసారి అటూ ఇటూ తిరగడానికి దాదాపు 7 నిమిషాలు పడుతుంది. అది 60 సెకన్లు కావాలంటే లూప్ 14,000 కిలోమీటర్లే ఉండాలి. మీ ఫ్లేర్‌లో అంత చిన్న లూపులున్నాయా అన్నది ఏఐఏ చిత్రాలు చూస్తే తెలుస్తుంది. ఇలా ఒక వివరణను కొట్టేయడానికి ఆవర్తన కాలం బాగా పనికొస్తుంది, ఒకదాన్ని నిరూపించడానికి మాత్రం చాలదు. లూప్ లావెక్కుతూ సన్నబడుతూ ఉండే సాసేజ్ తరంగమైతే కాలాలు సాధారణంగా కొన్ని సెకన్లే ఉంటాయి. అసలు తరంగమే లేకపోవచ్చు కూడా. క్షేత్రరేఖలు తెగి మళ్లీ కలిసే రీకనెక్షన్ ఒక్కసారిగా కాకుండా దఫదఫాలుగా జరిగితే, కరెంట్ పొర ముక్కలై ప్లాస్మా ముద్దలు ఒకదాని వెనక ఒకటి బయటికొస్తే, ప్రతి దఫాకూ ఒక ఎలక్ట్రాన్ల జల్లు కిందకి దూకుతుంది. 1980 నాటి ఏడు శిఖరాల్లాంటివాటిలో స్పందనలు చాలా లోతుగా, పదునుగా ఉంటాయి. అలాంటివాటికి తరంగం కన్నా ఈ దఫదఫాల రీకనెక్షన్ వివరణే నాకు సహజంగా తోస్తుంది. ఫ్లేర్ చల్లారేటప్పుడు మెల్లగా సాగే అలలకైతే లూప్ తరంగాలు బాగా నప్పుతాయి. ఇందులో ఇంకా ఏకాభిప్రాయం రాలేదు, ప్రతిపాదించిన విధానాలే పదికి పైగా ఉన్నాయి.

ఫ్లేర్‌తో సంబంధం ఉన్నా కరోనాది కాని లయ కూడా ఉంటుందని గుర్తుంచుకోండి. 2011 ఫిబ్రవరి 15 నాటి ఎక్స్ 2.2 ఫ్లేర్‌లో హైడ్రోజన్ లైమన్-ఆల్ఫా కాంతిలో 3 నిమిషాల లయ కనిపించింది. అది కింద ఉన్న క్రోమోస్ఫియర్ తన సహజ కాలంతో మోగడం, ఫ్లేర్ దాన్ని తట్టిందంతే. మీకు 3 నిమిషాలు దొరికితే ముందు దీన్ని తలచుకోండి.

మీ ప్రాజెక్టుకి ఇంకా రెండు మూడు నెలలుంటే నేను చెప్పేది ఇదీ. ఈ ఎం-తరగతి ఫ్లేర్‌ను వదిలేయకండి, కానీ మొదటి పాఠానికి 2017 సెప్టెంబర్ 10 ఫ్లేర్ డేటా తీసుకోండి. జవాబు ముందే తెలిసిన దాని మీద మీ ప్రోగ్రామ్ నడిపి, ఆ 65 సెకన్లను పట్టగలిగిందా, ఎక్కడ తడబడింది అన్నది చూడండి. దానికి ఒక వారం పడుతుంది. తర్వాత మీ ఫ్లేర్‌కి వచ్చి 40, 60, 90, 120 సెకన్ల విండోలతో నాలుగు వేవ్‌లెట్లు ఒకదాని కింద ఒకటి గీయండి. వాటి పక్కన ఏదీ తీసేయని పవర్ స్పెక్ట్రమ్‌ను రెండు అక్షాలూ లాగ్ స్కేల్‌లో పెట్టి వేయండి. అదే సమయానికి ఏదైనా హార్డ్ ఎక్స్-రే లైట్ కర్వ్ దొరికితే అదీ చేర్చండి. ఆ ప్లాట్లు ఇక్కడ పెట్టండి, డేటా ఎన్ని సెకన్లకోసారి తీసిందో, ఫ్లేర్ మొదలు, చివర ఎలా నిర్ణయించారో కూడా రాయండి. నేను తప్పకుండా చూస్తాను.